తుప్పు పట్టిన కారు స్ప్రింగులు: శుభ్రం చేసి రంగు వేసే శాస్త్రం

ఇనుముతో అవసరం లేని మనిషి లేడు. రైతు చేతిలో కొడవలి, ఇంట్లో కత్తిపీట, బావి మీద గిలక, బస్సు, రైలు, మన ప్రయోగశాలలో బ్యూరెట్టును పట్టి నిలబెట్టే స్టాండు, అంతా ఇనుమే. ఆ ఇనుమును తినేది తుప్పు. ఏటా ప్రపంచంలో తయారయ్యే ఇనుములో కొంత భాగం, తుప్పు తిన్న పాత ఇనుము స్థానాన్ని నింపడానికే సరిపోతుందంటే ఆశ్చర్యం లేదు.

నిజం చెప్పాలంటే తుప్పు అనేది ఇనుము తన పుట్టింటికి తిరిగి పోవడమే. గనిలో ఉన్నప్పుడు ఇనుము ఆక్సైడు రూపంలోనే ఉంటుంది. కొలిమిలో బొగ్గు వేసి, ఎంతో వేడి ఖర్చు పెట్టి, దానిలోని ఆక్సిజనును మనం బలవంతంగా విడగొడతాము. గాలీ నీరూ దొరికిన మరుక్షణం అది మళ్ళీ ఆక్సైడు కావాలనే చూస్తుంది. మనం చేసేదల్లా ఆ ప్రయాణాన్ని ఆలస్యం చేయడమే. ఈ చిన్న వ్యాసంలో ఆ ఆలస్యం చేసే పనిని ఒక్క వస్తువుకు, అంటే వాడిన కారు స్ప్రింగుకు, అన్వయించి నాకు తెలిసినంతలో వివరించడానికి ప్రయత్నిస్తాను.

ఈ విషయమే ఎందుకు?

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఆ చుట్టుపక్కల రాళ్ళ గుట్టల మధ్య ఒక కొత్త నగరమే లేచింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, ఎటు చూసినా అద్దాల మేడలే. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకీ, ఆపైన రాయదుర్గానికీ చేరింది. అయినా అర్ధరాత్రి షిఫ్టు ముగించిన ఉద్యోగులను ఇల్లు చేర్చేది కార్లే. ఆ కార్లు నడిపేవారిలో చాలామంది మన పల్లెల బిడ్డలే. వానలు లేక, బోర్లు ఎండి, పొలం మీద నమ్మకం పోయినవారు ఫైనాన్సులో పాత కారు కొని ఇక్కడికి వస్తారు.

మా పెదనాన్న కొడుకు అట్లా వచ్చినవాడే. మాది నిజామాబాదు జిల్లాలో పసుపు పండించే కుటుంబం. అన్న కొన్న కారు ఏడేళ్ళ పాతది, విశాఖపట్నంలో తిరిగింది. రంగు బాగానే మెరుస్తున్నది గానీ జాకీ మీద లేపి చూస్తే నాలుగు స్ప్రింగులూ ఎర్రగా ఉన్నాయి. చూపించిన షెడ్డులో, "రాత్రంతా యాసిడ్‌ల ఏసి, పొద్దున నల్లరంగు కొడితే కొత్తదాని లెక్క అయితది" అన్నారట. అన్న నన్ను అడిగాడు: "తమ్మీ, నువ్వు కెమిస్ట్రీ సదువుతున్నవ్ గద, గట్ల చేస్తే నడుస్తదా? కొత్తయి కొనాల్నా? కిస్తీ కట్టే దినం దగ్గరికొచ్చింది."

ఈ ప్రశ్నకు జవాబు మా పాఠ్యపుస్తకంలో ఒక్క చోట లేదు. విద్యుత్ రసాయన శాస్త్రంలో కొంత, పదార్థ ధర్మాలలో కొంత, లోహ శాస్త్రంలో కొంత ఉన్నది. వాటిని ఒకచోట చేర్చి చూద్దాం.

తుప్పు ఎట్లా పడుతుంది?

ఇనుప ముక్క మీద నీటి పొర ఉన్నదనుకుందాం. ఒకచోట ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రానులు వదిలి అయానుగా మారి నీటిలోకి దిగుతుంది. అది ఆనోడు. ఆ ఎలక్ట్రానులు లోహంలోనే ప్రయాణించి మరొకచోట ఆక్సిజనుకూ నీటికీ చేరి హైడ్రాక్సిల్ అయానులను పుట్టిస్తాయి. అది కాథోడు. ఈ రెండు రకాల అయానులు కలిసి ఇనుము హైడ్రాక్సైడు, ఆపైన గాలితో కలిసి నీటితో కూడిన ఫెర్రిక్ ఆక్సైడు అవుతుంది. అదే ఎర్రని తుప్పు. అంటే తుప్పు పట్టే ప్రతి ముక్కా ఒక చిన్న బ్యాటరీ అన్నమాట.

ఇందులో గమనించవలసిన సంగతి, ఆక్సిజను తక్కువగా అందే చోటే ఇనుము కరుగుతుంది. కేంబ్రిడ్జిలో పనిచేసిన యులిక్ ఎవాన్స్ దీనిని ఒక నీటి బొట్టుతో చూపించాడు. విద్యార్థులెవరైనా చేయవచ్చు. మూడు శాతం ఉప్పు నీటిలో కొద్దిగా పొటాషియం ఫెర్రీసయనైడు, రెండు చుక్కల ఫినాఫ్తలీను కలిపి, బాగా గీకి శుభ్రం చేసిన ఇనుప రేకు మీద ఒక బొట్టు వేసి ఉంచాలి. మొదట అక్కడక్కడా నీలం, గులాబి మచ్చలు కనిపిస్తాయి. కొంతసేపటికి గాలి బాగా తగిలే అంచున గులాబి రంగు, గాలి అందని నడుమ నీలం రంగు స్థిరపడతాయి. నీలం ఉన్నచోట ఇనుము కరుగుతున్నది. రెండింటికీ నడుమ గోధుమ రంగు వలయం కడుతుంది, అది తుప్పు.

దీనిని స్ప్రింగుకు అన్వయించండి. స్ప్రింగు అడుగు చుట్ట ఒక గిన్నెవంటి పీట మీద కూర్చుంటుంది. అందులో వానకాలపు బురద చేరి నెలల తరబడి తడిగా ఉంటుంది. బురద కింద ఆక్సిజను తక్కువ. కాబట్టి పై చుట్టలు ఎర్రగా కనిపించినా, లోహం లోతుగా తినబడేది అడుగున, కంటికి కనిపించని చోట.

ఉప్పు ఉంటే ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. సముద్ర తీరపు కార్లు, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల కార్లు త్వరగా తుప్పు పట్టడానికి కారణమిదే. రైతుబిడ్డలకు మరొక ఉదాహరణ: కొట్టంలో యూరియా, పొటాష్ బస్తాల పక్కన పెట్టిన నాగలి కర్రు, దూరంగా గోడకు ఆనించిన కర్రు కన్న ముందు తుప్పు పడుతుంది. ఆ ఎరువులు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. గాలిలో తేమ సుమారు 60, 70 శాతం దాటితేనే తుప్పు వేగం అందుకుంటుందని వెర్నన్ అనే శాస్త్రవేత్త ప్రయోగాల వల్ల తెలిసింది. అందుకే హైదరాబాదు ఎండాకాలంలో నిద్రపోయే తుప్పు జూన్‌లో లేస్తుంది.

స్ప్రింగు మామూలు ఇనుము కాదు

కిటికీ గ్రిల్లుకు తుప్పు పడితే గీకి రెడాక్సైడ్ పూసి రంగు వేస్తాము. స్ప్రింగుకూ అంతే గదా అని అనిపిస్తుంది. అంతే కాదు.

స్ప్రింగు ఉక్కులో కార్బన్ అర శాతానికి పైన ఉంటుంది. దానికి సిలికాన్, మాంగనీసు, లేక క్రోమియం, వెనేడియం కలుపుతారు. దానిని ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరుస్తారు. అట్లాగే వదిలితే గాజులాగా విరుగుతుంది కాబట్టి మళ్ళీ సుమారు 400 నుండి 500 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి చేసి పదును సరిచేస్తారు. చివరగా చిన్న చిన్న ఉక్కు గుండ్లను వేగంగా దాని మీదికి కొడతారు. ఆ దెబ్బలకు పై పొర లోపలికి నొక్కుకొని ఉంటుంది. పగులు పుట్టేది పై పొరలోనే, అదీ లాగుడు వల్లనే. నొక్కుకొని ఉన్న పొరలో పగులు తెరుచుకోవడం కష్టం. లక్షలసార్లు వంగి లేచినా స్ప్రింగు బతికి ఉండడానికి ఇదొక రహస్యం.

మా ఊళ్ళో కమ్మరి లారీ కమాను పట్టీ దొరికితే వదలడు. దానితో చేసిన గొడ్డలి పదును నిలుస్తుంది. అయితే అతడు దానిని కాల్చి సాగగొట్టి, మళ్ళీ తన పద్ధతిలో నీళ్ళు పడతాడు. అంటే పాత పదును చెరిపి కొత్త పదును రాస్తాడు. ఈ విద్య మనకు పరాయిది కాదు. మా జిల్లాలోని కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు కరిగించేవారు. దానిని కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. ఐరోపావారు వూట్జ్ అని పిలిచిన ఆ లోహం మీద మైకేల్ ఫారడే వంటివాడు పరిశోధన చేశాడు. ఆ మాట మన "ఉక్కు" నుండే పుట్టిందని పలువురి అభిప్రాయం.

ఇక లెక్క చూద్దాం. చుట్ట స్ప్రింగు బిగువు, తీగ వ్యాసం నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. దానిలో పుట్టే ఒత్తిడి, తీగ వ్యాసం మూడవ ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. 12 మిల్లీమీటర్ల తీగ తుప్పు వల్ల 11.4 మిల్లీమీటర్లు అయిందనుకోండి. తగ్గినది 5 శాతమే. కానీ 0.95ను నాలుగుసార్లు గుణిస్తే 0.81 వస్తుంది. తీగ పొడవునా అట్లా సన్నబడితే బిగువు 18 శాతానికి పైగా తగ్గినట్టు. సన్నబడిన చోట ఒత్తిడి సుమారు 17 శాతం పెరిగినట్టు.

ఇది నున్నగా అరిగినప్పటి మాట. గుంటలు పడితే ఇంకా ప్రమాదం. 1913లో ఇంగ్లిస్ అనే ఇంజనీరు, లాగబడుతున్న పలకలో గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచున ఒత్తిడి మూడు రెట్లవుతుందనీ, రంధ్రం అడ్డంగా సాగి దాని కొన ఎంత సూదిగా ఉంటే ఒత్తిడి అంత పెరుగుతుందనీ గణితంతో చూపించాడు. తుప్పు గుంట అటువంటిదే. పై పొరను నొక్కి ఉంచిన రక్షణను అది ఛేదించి లోపలికి పోతుంది. అక్కడినుండే పగులు బయలుదేరుతుంది. ఆ గుంటను పుట్టీతో నింపి రంగు వేస్తే కంటికి కనబడదు, అంతే. ఉక్కుకు బలం రాదు.

ఆమ్లపు తొట్టి

ఇప్పుడు షెడ్డువారు చెప్పిన యాసిడ్ సంగతి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది, అది నిజం. తుప్పు పోయిన తరువాత అది అక్కడ ఆగదు. ఇనుముతో చర్య జరిపి హైడ్రోజను వెలువరిస్తుంది. హైడ్రోజను ముందు ఒంటరి పరమాణువుగా లోహం మీద పుడుతుంది. అందులో ఎక్కువ భాగం జతకట్టి బుడగలై పోతుంది. కొంత భాగం లోహంలోకి దూరుతుంది. చాలా చిన్న పరమాణువు గదా!

అట్లా దూరిన హైడ్రోజను ఉక్కును పెళుసుగా మారుస్తుంది. ఈ సంగతిని 1875లోనే జాన్సన్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీకి తెలియజేశాడు. మెత్తని ఇనుముకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. ఉక్కు ఎంత బలమైనదైతే అంత ముప్పు. సుమారు 1000 మెగాపాస్కల్ బలం దాటిన ఉక్కుల విషయంలో జాగ్రత్త పడాలంటారు. కారు స్ప్రింగు ఉక్కు బలం 1500కు పైమాటే. పైగా అది కారు కింద ఎప్పుడూ బరువు మోస్తూ ఒత్తిడిలోనే ఉంటుంది. ఆమ్లంలో నుండి తీసినప్పుడు బాగానే కనిపించి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో, ఏ గుంతలోనూ పడకుండానే విరగవచ్చు. ఈ ఆలస్యమే ఇందులోని మోసం.

కర్మాగారాలలో ఇటువంటి ఉక్కును ఆమ్లంలో ముంచవలసి వస్తే, వెంటనే 190 నుండి 220 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి హైడ్రోజనును వెళ్ళగొడతారు. రోడ్డు పక్క షెడ్డులో ఆ పొయ్యి ఎక్కడిది? చాకలి సోడా నీటిలో ముంచి బ్యాటరీతో తుప్పు వదిలించే పద్ధతి ఒకటి ఉన్నది. పాత పనిముట్లకు అది బాగు. కానీ అందులో వస్తువును ఋణ ధ్రువానికి కలుపుతారు. హైడ్రోజను పుట్టేది అక్కడే. కనుక స్ప్రింగుకు అదీ పనికిరాదు. ఇక వాడిన ఆమ్లాన్ని ఎక్కడ పారబోస్తారు? నాలాలో. నాలా పోయేది చెరువులోకి.

చేయవలసిన పద్ధతి

1. విప్పడం: ఇది చదివి ఎవరూ సొంతంగా స్ప్రింగు విప్పవద్దని మనవి. ముందు చక్రాల స్ప్రింగు చాలా కార్లలో నొక్కబడి బిగించి ఉంటుంది. ఒక లెక్క: బిగువు మీటరుకు 20,000 న్యూటన్లు, నొక్కుడు 15 సెంటీమీటర్లు అనుకుంటే అందులో దాగిన శక్తి 225 జౌళ్ళు. పది కిలోల బండ ఏడున్నర అడుగుల ఎత్తునుండి పడితే ఎంతో అంత. స్ప్రింగు కంప్రెసరు ఉన్న అనుభవజ్ఞుడైన మెకానిక్కు మాత్రమే విప్పాలి.

2. కడగడం: ముందు నూనె జిడ్డు పోవాలి. కిరసనాయిలుతో తుడిచి, సబ్బు నీటితో కడిగి, మంచినీటితో ఉప్పు పోయేదాకా మళ్ళీ కడిగి, ఎండలో ఆరబెట్టాలి. జిడ్డు మీద గీకితే జిడ్డు గీతల్లోకి పోతుంది, రంగు పట్టదు.

3. గీకడం: వైరు బ్రష్షు, ఆపైన గరుకు కాగితం. తీగ పొడవు వెంట రుద్దాలి గానీ అడ్డంగా లోతైన గీతలు పెట్టరాదు. గ్రైండరు చక్రం వాడవద్దు. అది గుండ్లతో కొట్టిన పై పొరనే తినేస్తుంది. గ్యాసు మంటతో పాత రంగు కాల్చడం అంతకన్న తప్పు, పదును పోతుంది. వెల్డింగు మాట తలపెట్టరాదు. సన్నని గుండ్లు చిమ్మే యంత్రం దొరికితే అన్నిటికన్న మేలు. దుమ్ము లోపలికి పోకుండా ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

4. పరీక్షించడం: వెర్నియర్ కాలిపర్సుతో తీగను కనీసం పది చోట్ల, ముఖ్యంగా అడుగు చుట్ట మీద, కొలవాలి. భూతద్దంతో గుంటలు, పగుళ్ళు వెదకాలి. జత స్ప్రింగులను పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూడాలి. రంగు వేయాలా పారవేయాలా అని తేల్చేది ఈ మెట్టు దగ్గరే.

5. మిగిలిన తుప్పును మార్చడం: ఎంత గీకినా కొంత మిగులుతుంది. దానికి టానిక్ ఆమ్లం కలిగిన తుప్పు మార్పిడి ద్రావకాలు దొరుకుతాయి. ఇవి తుప్పును నల్లని ఇనుము టానేటుగా మారుస్తాయి. మన పెద్దలు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసేవారు గదా, ఆ నలుపు ఇదే. కరక్కాయ నీళ్ళు తుప్పు మేకు మీద పూసి నేను చూశాను, పూటలోనే నల్లబడింది. పూసేది పలుచగా ఉండాలి, ముంచి ఉంచరాదు.

6. ప్రైమరు: గీకిన నాడే వేయాలి. శుభ్రమైన ఉక్కు మీద ఒక్క రాత్రి మంచుకే మళ్ళీ తుప్పు పొడ వస్తుంది. పూర్వం సింధూరం, అంటే ఎర్ర సీసపు ఆక్సైడు, వేసేవారు. సీసం విషమని తెలిసిన తరువాత జింకు ఫాస్ఫేటు వచ్చింది. ఎపాక్సీలో కలిపిన జింకు ఫాస్ఫేటు ప్రైమరు స్ప్రింగుకు తగినది. ఫాస్ఫరసుకు ఇనుమును కాపాడే గుణం ఉన్నదనడానికి ఢిల్లీ ఇనుప స్తంభమే సాక్షి. సుమారు 1600 ఏళ్ళుగా అది ఎండావానలో నిలబడి ఉండడానికి అందులోని ఎక్కువ ఫాస్ఫరసు వల్ల ఏర్పడిన పలుచని పొరే ముఖ్య కారణమని కాన్పూరు ఐఐటీ ఆచార్యుడు బాలసుబ్రహ్మణ్యం వివరించారు.

7. పై రంగు: రెండు పలుచని పూతలు ఒక మందపాటి పూత కన్న మేలు. స్ప్రింగు బరువు మోసినప్పుడు దాని తీగ మెలి తిరుగుతుంది. కాబట్టి రంగు సాగేదై ఉండాలి. మందంగా, పెళుసుగా ఉంటే పగిలి, పగులులో నీరు నిలిచి, మొదటికన్న హాని. ముసురు పట్టిన రోజున రంగు వేయరాదు. లోహం వేడి, మంచు బిందువు కన్న కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలని రంగులవారి నియమం. పౌడరు కోటింగు చేయించగలిగితే మంచిదే. దానికి కావలసిన 180, 200 డిగ్రీల వేడి స్ప్రింగు పదునును చెరపదు. కానీ దానికి ముందు ఆమ్లపు తొట్టిలో ముంచవద్దని గట్టిగా చెప్పాలి.

8. బిగించడం: పీటలోని బురద కడిగి, నీరు పోయే రంధ్రం తెరిచి, కొత్త రబ్బరు మెత్త వేయాలి. కారణం పోకుండా రోగం పోదు.

ఏది ఉంచాలి? ఏది పారవేయాలి?

మా అన్న కారు విషయానికి వస్తే, ముందు రెండు స్ప్రింగులకూ పైతుప్పు మాత్రమే ఉన్నది. తీగ ఎక్కడ కొలిచినా ఒకే వ్యాసం వచ్చింది. వాటిని పై పద్ధతిలోనే శుభ్రం చేసి రంగు వేశాము. వెనుక ఎడమదాని అడుగు చుట్టలో గోరు పట్టేటంత గుంటలు ఉన్నాయి. పైన 12, అక్కడ 11.4 మిల్లీమీటర్లు. కుడిది కొంత నయమే గానీ, ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే బండి ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకని వెనుక జత మార్చవలసిందే అని చెప్పాను. ఆ నెల కిస్తీ పది రోజులు ఆలస్యమైంది. "నాకు కాదు తమ్మీ, రాత్రి ఒంటిగంటకు ఎనక సీట్ల ఆడివిల్లలు కూసుంటరు. ఔటర్ రోడ్డు మీద ఇరిగితే ఎట్ల?" అన్నాడు అన్న. విరిగిన స్ప్రింగు కొన టైరును చీల్చిన సందర్భాలు ఉన్నాయి. ఎనభై కిలోమీటర్ల వేగంలో అది ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కనుక నియమం సులభం. తుప్పు పైపైన ఉంటే శుభ్రం చేసి రంగు వేయండి. గోరు పట్టే గుంట, వెంట్రుకవంటి పగులు, తగ్గిన వ్యాసం, తగ్గిన ఎత్తు, వీటిలో ఏది కనిపించినా పారవేయండి. జతగా మార్చండి. ఎప్పుడైనా యాసిడ్‌లో నానిందని తెలిసిన స్ప్రింగును, ఎంత నిగనిగలాడినా, నమ్మకండి. పాత కారు కొనేవారు ఇంజను చప్పుడు విన్నట్టే, జాకీ మీద లేపి అడుగు చుట్టను టార్చి వేసి చూడాలి. నల్లరంగు కొత్తగా కనిపిస్తే సంతోషించక, దాని కింద ఏమున్నదని అడగాలి.

ముగింపు

రంగు చేసే పని గాలినీ నీటినీ ఆపడం. అది జరిగిన నష్టాన్ని పూడ్చదు, జరగబోయే నష్టాన్ని మాత్రం ఆపుతుంది. కాబట్టి రంగు వేయవలసిన సమయం తుప్పు గుంట కాకముందు. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తరువాతా, కారు అడుగును మంచినీటితో కడిగి చూసుకుంటే చాలు. ఊళ్ళో ట్రాలీ కమాను పట్టీలకూ, నాగళ్ళకూ, మోటారు పంపు స్టాండుకూ ఇదే సూత్రం.

విజ్ఞానశాస్త్ర విద్యార్థులమైన మనకు ఇందులో మరొక సంగతి ఉన్నది. మన నగరంలో ఏ మూలకు పోయినా ఇటువంటి షెడ్డులు కనిపిస్తాయి. అందులో పనిచేసేవారికి చేతిపని మనకన్న ఎంతో బాగా వచ్చు. ఆమ్లంలో పుట్టే హైడ్రోజను సంగతి వారికి ఎవరూ చెప్పలేదు, అంతే. మనకు అది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. వారి దగ్గరకు వచ్చే డ్రైవరుకూ, వెనుక సీటులో కూర్చునేవారికీ ప్రాణం. సెలవుల్లో ఊరికి పోయినప్పుడో, సాయంత్రం టీ తాగడానికి బయటకు పోయినప్పుడో, ఒక మెకానిక్కుతోనైనా ఈ నాలుగు మాటలు చెప్పగలిగితే మన చదువు ఒకరికి ఉపయోగపడినట్టే.